ఫోన్‌లో లొకేషన్: ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి?

మా హుస్నాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అంటే సగం మంది దృష్టిలో ఫోన్లు బాగు చేసేటోడు అనే లెక్క. సెలవులకు ఇంటికి పోతే చాలు, గల్లీలో కొత్త ఫోన్ కొన్న ప్రతి ఒక్కరూ సెటప్ కోసం వస్తారు. అన్నింటికంటే ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇది: "తమ్మీ, ఈ లొకేషన్ గుర్తు ఆన్‌ల ఉంచాల్నా, బంద్ వెట్టాల్నా?"

దీనికి ఇంటర్నెట్‌లో రెండు రెడీమేడ్ జవాబులు దొరుకుతాయి. ఒకటి, "ఎప్పుడూ ఆఫ్‌లోనే పెట్టండి, కంపెనీలన్నీ మనల్ని చూస్తున్నయ్". రెండోది, "మన దగ్గర దాచుకునేదేముంది, ఆన్‌లోనే ఉంచండి". మొదటి మాట వింటే మ్యాప్స్ పనిచేయదు, ఫోన్ పోతే దొరకదు, ఆపదలో మనం ఎక్కడున్నామో ఎవరికీ తెలియదు. రెండోది వింటే ఏం జరగొచ్చో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. ముందే ఒక మాట: నోటిఫికేషన్ ప్యానెల్‌లో ఉండే ఆ ఒక్క బటన్‌తో తేలే విషయం కాదిది. అసలు సెట్టింగ్స్ దాని వెనకాల ఉన్నాయి.

ఫోన్‌కు తానెక్కడుందో ఎలా తెలుస్తుంది?

లొకేషన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది జీపీఎస్. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే శాటిలైట్లు టైమ్ సిగ్నల్ పంపుతుంటాయి. కనీసం నాలుగింటి సిగ్నల్ అందితే, ఒక్కోటి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఫోన్ తన చోటును లెక్కేసుకుంటుంది. ఆకాశం ఓపెన్‌గా ఉంటే మామూలు ఫోన్ కూడా ఐదు మీటర్ల తేడాలో చెప్పగలదు. ఒక విషయం చాలామందికి తెలియదు: జీపీఎస్ శాటిలైట్‌కు మనం ఎక్కడున్నామో తెలియదు. అది రేడియో స్టేషన్ లాగా పంపుతుంది, ఫోన్ వింటుంది, అంతే. మన లొకేషన్ బయటికి పోయేది ఫోన్‌లోని యాప్‌ల వల్ల, సిస్టమ్ సర్వీసుల వల్ల, నెట్‌వర్క్ వల్ల. శాటిలైట్ వల్ల కాదు.

రెండోది వైఫై. ఫోన్ చుట్టుపక్కల రౌటర్ల పేర్లు, ఐడీలు, సిగ్నల్ బలం గమనించి, గూగుల్ లేదా ఆపిల్ దగ్గరున్న డేటాబేస్‌తో పోల్చుకుంటుంది. ఆ రౌటర్లకు కనెక్ట్ అవ్వాల్సిన పనే లేదు. నాలుగు గోడల మధ్య జీపీఎస్ అందనప్పుడు ఎక్కువగా పనిచేసేది ఇదే.

మూడోది సెల్ టవర్. టవర్లు దగ్గర దగ్గరగా ఉండే హైదరాబాద్‌లో ఇది కొంత కచ్చితంగానే ఉంటుంది. మా వైపు ఊర్లలో టవర్ల మధ్య దూరం ఎక్కువ కాబట్టి మ్యాప్‌లో నీలం చుక్క చుట్టూ వలయం పెద్దగా కనబడుతుంది. లొకేషన్ బటన్ ఆఫ్ చేసినా ఫోన్ టవర్‌తో మాట్లాడుతూనే ఉంటుంది, లేకపోతే కాల్ రాదు. అంటే మీరు సుమారుగా ఎక్కడున్నారో మీ టెలికాం కంపెనీకి ఎప్పుడూ తెలుసు. లొకేషన్ ఆఫ్ చేస్తే మాయమైపోతాం అనుకోవడం వట్టి భ్రమ.

బ్యాటరీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. లొకేషన్ బటన్ ఆన్‌లో ఉన్నంత మాత్రాన బ్యాటరీ దిగదు. ఏదైనా యాప్ ఆపకుండా జీపీఎస్ అడుగుతుంటేనే దిగుతుంది. పొద్దున ఫుల్ ఛార్జ్ చేసిన ఫోన్ మధ్యాహ్నానికే నీరసపడితే, బ్యాక్‌గ్రౌండ్‌లో ఎవరు లొకేషన్ అడుగుతున్నారో ఒకసారి చూడండి. ప్రైవసీ సమస్య, బ్యాటరీ సమస్య రెండూ ఒకే చోట దొరకొచ్చు.

పేరు తీసేస్తే సరిపోతుందా?

"మేం మీ పేరు తీసేసి, డేటాను అనామకంగా మార్చాకే వాడతాం" అని ప్రైవసీ పాలసీల్లో రాస్తుంటారు. లొకేషన్ విషయంలో ఈ మాటకు బలం తక్కువ. 2013లో ఒక పరిశోధక బృందం 15 లక్షల మంది 15 నెలల మొబైల్ డేటాను పరిశీలించింది. అందులో పేర్లు లేవు, నంబర్లు లేవు. అయినా ఒక మనిషి ఎక్కడ, ఏ గంటలో ఉన్నాడన్న పాయింట్లు నాలుగు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతావాళ్ల నుంచి విడదీయొచ్చని తేలింది.

ఇందులో వింత ఏం లేదు. రాత్రి 11 నుంచి పొద్దున 6 దాకా ఫోన్ ఉండే చోటు మీ ఇల్లు. పగలు ఉండే చోటు మీ ఆఫీసు లేదా కాలేజీ. ఈ రెండూ కలిసే మనుషులు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు? మిగతా చుక్కలు ఇంకెన్నో చెప్తాయి: ఏ డాక్టర్ దగ్గరికి పోతున్నారు, ఏ గుడికో మసీదుకో చర్చికో పోతున్నారు, ఏ పార్టీ మీటింగ్‌కు పోయారు, ఎవరి ఇంటికి ఎక్కువగా పోతున్నారు.

2018 జనవరిలో బయటపడిన స్ట్రావా సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రన్నింగ్, సైక్లింగ్ చేసేవాళ్ల రూట్లన్నీ కలిపి ఆ కంపెనీ ప్రపంచ హీట్‌మ్యాప్ ఒకటి రిలీజ్ చేసింది. ఎవరి పేరూ లేదు. కానీ ఎడారి మధ్యలో వెలిగే గీతలు చూసి, ఇవి సైనిక స్థావరాలు, లోపల సైనికులు జాగింగ్ చేసే దారులు అని జనం కనిపెట్టేశారు. ఒక్కొక్కరి డేటా చూస్తే మామూలు జాగింగే, అన్నీ కలిస్తే మ్యాప్ అయింది.

ఇక్కడ పల్లెకు, పట్నానికి ఒక తేడా ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆండ్రాయిడ్‌లో "అప్రాక్సిమేట్" లొకేషన్ ఇస్తే యాప్‌కు సుమారు 3 చదరపు కిలోమీటర్ల పరిధి మాత్రమే తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 18 వేలకు పైనే. అంటే ఆ పరిధిలో యాభై వేల మందికి పైగా ఉంటారు, మీరు గుంపులో కలిసిపోతారు. తెలంగాణ సగటు 312. అదే 3 చదరపు కిలోమీటర్లలో సుమారు 900 మంది. అక్కన్నపేట, కోహెడ వైపు ఊర్లలో ఇది ఇంచుమించు ఒక ఊరంత, లేదా దాంట్లో సగం. ఇల్లు దాగుతుంది గానీ ఊరు దాగదు. పైగా ఊర్లో ఒకే మోడల్ ఫోన్ వాడేవాళ్లు ఎంతమంది ఉంటారు? అందుకే "నేను చిన్న ఊరోణ్ని, నన్నెవరు పట్టించుకుంటరు" అనే లాజిక్ తలకిందులుగా ఉంది. గుంపు చిన్నదైనకొద్దీ మనిషిని గుర్తుపట్టడం సులువు.

భయం ఉన్నా ఎందుకు ఇస్తున్నాం?

ప్రైవసీ మీద పరిశోధన చేసేవాళ్లు ఒక వైరుధ్యం గురించి చెప్తుంటారు. అడిగితే అందరూ "నా డేటా గురించి భయముంది" అంటారు, కానీ పాప్-అప్ రాగానే "అలౌ" నొక్కేస్తారు. దీన్ని చూపించి జనానికి ప్రైవసీ అక్కర్లేదని కంపెనీలు వాదిస్తాయి. నాకు అలా అనిపించదు.

2015లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు 23 మంది ఆండ్రాయిడ్ యూజర్లతో ఒక ప్రయోగం చేశారు. "గత 14 రోజుల్లో మీ లొకేషన్ ఇన్ని యాప్‌లకు 5,398 సార్లు వెళ్లింది" ఇలాంటి మెసేజ్‌లు వాళ్ల ఫోన్‌లో చూపించారు. ఆ మెసేజ్‌లు చూశాక 95 శాతం మంది తమ పర్మిషన్లను మళ్లీ చూసుకున్నారు, 58 శాతం మంది కొన్నింటిని ఇంకా బిగించారు. చిన్న ప్రయోగమే గానీ నేర్పేది పెద్దది. మనుషులు పట్టించుకోక కాదు, అసలు ఏం జరుగుతుందో వాళ్లకు కనబడక ఊరుకుంటున్నారు.

ఇంకో కోణం లాభనష్టాల లెక్క. కరీంనగర్‌లో చదివే అమ్మాయి సాయంత్రం చివరి బస్సెక్కి అమ్మకు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెడుతుంది. అదే అమ్మాయి షాపింగ్ యాప్ లొకేషన్ అడిగితే "డోంట్ అలౌ" నొక్కుతుంది. ఇందులో వైరుధ్యం లేదు. అమ్మకు ఇచ్చింది గంటసేపు, అదీ తెలిసిన మనిషికి, తెలిసిన పనికి. షాపింగ్ యాప్‌కు ఇస్తే అది ఎవరి దగ్గర తేలుతుందో ఎవరికి ఎరుక?

నిజంగా పనికొచ్చే లొకేషన్ సర్వీసులు మన దగ్గర తక్కువేం లేవు. పుణెలోని ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ మీరున్న చోటుకు 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల ముప్పు ఉంటే హెచ్చరిస్తుంది. వానాకాలంలో పొలంలో ఉండే రైతుకు ఇది ప్రాణం కాపాడే సమాచారం. ఆర్టీసీ 2023 ఆగస్టులో గమ్యం యాప్ తెచ్చింది, బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూడొచ్చు. ఇక్కడ గమనించండి, మనకు కావాల్సింది బస్సు లొకేషన్. మన లొకేషన్ ఇస్తే దగ్గరి స్టాప్ చూడ్డం సులువవుతుంది, అంతకుమించి పనిలేదు.

తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో మొదలుపెట్టిన టీ-సేఫ్ కూడా ఇలాంటిదే. ఒంటరిగా ప్రయాణించే మహిళల రైడ్‌ను గమ్యం చేరేదాకా గమనిస్తూ, మధ్యమధ్యలో సేఫ్‌గా ఉన్నారా అని అడుగుతుంది. డయల్ 100కు ఫోన్ చేసి 8 నొక్కినా ఈ సర్వీస్ వాడుకోవచ్చు, స్మార్ట్‌ఫోన్ ఉండాలని లేదు. ప్రయాణం మొదలైనప్పుడు మొదలై, అయిపోయాక ఆగిపోయే ట్రాకింగ్ ఇది. లొకేషన్ సర్వీస్‌ను డిజైన్ చేసే పద్ధతి ఇట్లా ఉండాలి.

కరోనా టైమ్‌లో ఆరోగ్య సేతు ఇంకో పాఠం చెప్పింది. 2020 ఏప్రిల్ 2న రిలీజై 13 రోజుల్లోనే 5 కోట్ల డౌన్‌లోడ్లు దాటింది. భయం అంత ఉంది కాబట్టి జనం బ్లూటూత్, జీపీఎస్ రెండూ ఇచ్చేశారు. తర్వాత ఆఫీసుల్లో తప్పనిసరి అన్నారు. అప్పుడే ప్రశ్నలు మొదలయ్యాయి: డేటా ఎన్ని రోజులు ఉంటుంది, ఎవరు చూస్తారు, కోడ్ ఎందుకు బయట పెట్టలేదు? మే నెలలో డేటా వాడకానికి నియమావళి వచ్చింది, మే 26న ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ బయట పెట్టారు. అడిగితే జవాబు వస్తుందనడానికి ఇదొక ఉదాహరణ.

నమ్మి ఇచ్చిన చోటే దెబ్బ తగిలితే?

హాక్ ఐ యాప్ హైదరాబాద్ వాళ్లకు పరిచయం అక్కర్లేనిది. ఎస్‌ఓఎస్ నొక్కితే లొకేషన్‌తో సహా పోలీసులకు సమాచారం పోతుంది. చాలామంది తల్లిదండ్రులు తమ ఆడపిల్లల ఫోన్లలో దగ్గరుండి వేయించిన యాప్ అది. 2024 జూన్‌లో దాని డేటా లీకైంది. సుమారు 2 లక్షల మంది యూజర్ల వివరాలు హ్యాకర్ల ఫోరంలో అమ్మకానికి వచ్చినట్టు వార్తలొచ్చాయి, వాటిలో ఫోన్ నంబర్లు, లొకేషన్ వివరాలు కూడా ఉన్నాయి. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కొద్ది రోజుల్లోనే గ్రేటర్ నోయిడాలో 20 ఏళ్ల విద్యార్థిని పట్టుకుంది.

ఈ ఉదాహరణ చెప్పేది హాక్ ఐ తీసేయమని కాదు. ఆపదలో పోలీసులకు లొకేషన్ ఇవ్వడం సరైన పనే. కానీ ఆపద తీరాక ఆ లొకేషన్ సర్వర్‌లో ఎందుకుండాలి? లేని డేటాను ఎవరూ దొంగిలించలేరు. యాప్ ఎంత మంచిదైనా, ఇచ్చేది ఎవరికైనా, "ఎన్ని రోజులు ఉంచుకుంటారు" అన్న ప్రశ్న అడగాల్సిందే.

లోన్ యాప్‌ల కథ ఇంకా చేదు. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరుస అరెస్టులు చేసేదాకా, ఐదు వేలు పది వేలు అప్పిచ్చి కాంటాక్ట్స్, ఫొటోలు, లొకేషన్ అన్నీ లాగేసుకుని, కట్టకపోతే బంధువులకు ఫోన్లు చేసి పరువు తీసిన యాప్‌లు ప్లే స్టోర్‌లోనే దొరికాయి. ఆ వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లలో మా సిద్దిపేట జిల్లా వాళ్లూ ఉన్నారు. తర్వాత నియమాలు మారాయి. 2022 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాలు ఇచ్చింది: కెమెరా, మైక్, లొకేషన్ లాంటివి కేవైసీ అవసరానికి ఒక్కసారి, అదీ స్పష్టమైన అనుమతితోనే. కాంటాక్ట్స్, కాల్ లాగ్స్ ముట్టుకోవద్దు. 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే కూడా పర్సనల్ లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫొటోలు, కచ్చితమైన లొకేషన్ అడగకూడదని పెట్టింది. కాబట్టి ఇప్పుడు ఏదైనా లోన్ యాప్ ప్రిసైజ్ లొకేషన్ కావాలని పట్టుబడితే, లేదా ప్లే స్టోర్ బయట ఏపీకే లింక్ పంపితే, అక్కడితో ఆపేయండి.

పెద్ద కంపెనీలు కూడా కడిగిన ముత్యాలేం కావు. 2018 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ ఒక విషయం బయటపెట్టింది. గూగుల్‌లో "లొకేషన్ హిస్టరీ" ఆఫ్ చేసినా, "వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ" అనే ఇంకో సెట్టింగ్ ద్వారా లొకేషన్ సేవ్ అవుతూనే ఉంది. దీనిమీద 2022 నవంబర్‌లో గూగుల్ 40 అమెరికా రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. తర్వాత టైమ్‌లైన్ డేటాను సర్వర్‌లో కాకుండా ఫోన్‌లోనే ఉంచే పద్ధతికి మారింది.

నేను డెవలపర్‌ని కాబట్టి ఒక లోపలి సంగతి చెప్తా. మీరు ఒక యాప్‌కు లొకేషన్ ఇస్తే, ఆ యాప్‌లో కూర్చున్న యాడ్స్, అనలిటిక్స్ ఎస్‌డీకేలు కూడా అదే పర్మిషన్ వాడుకోగలవు. ఆండ్రాయిడ్ పర్మిషన్ అడిగేది యాప్ పేరు మీదే, లోపల ఎంతమంది అద్దెకున్నారో చెప్పదు. అమెరికాలో ఎక్స్-మోడ్ అనే డేటా కంపెనీ ఇలాగే వేర్వేరు యాప్‌లలో తన ఎస్‌డీకే పెట్టించి లొకేషన్ సేకరించి అమ్మింది. 2024 జనవరిలో అక్కడి ఎఫ్‌టీసీ సున్నితమైన చోట్ల లొకేషన్ డేటా అమ్మొద్దని ఆ కంపెనీని కట్టడి చేసింది.

ఇంకోటి, డెసిమల్స్. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. దశాంశం తర్వాత రెండంకెలు ఉంటే కిలోమీటరుకు కొంచెం ఎక్కువ, మూడుంటే 111 మీటర్లు, ఐదుంటే ఒక మీటరు. వాతావరణం చెప్పే యాప్‌కు రెండంకెలు చాలు, వాన మీ ఇంటి వాకిట్లో ఒకలా, పక్కింట్లో ఒకలా పడదు కదా. ఐదంకెలు కావాలని అడుగుతుందంటే అది వాన కోసం కాదు.

వద్దనే వీలు లేనప్పుడు

ఇప్పటిదాకా మాట్లాడింది మనం ఎంచుకునే సర్వీసుల గురించి. ఎంచుకునే వీలే లేనివి కూడా ఉన్నాయి. ఉపాధి హామీ పనుల్లో ఎన్ఎంఎంఎస్ యాప్ ద్వారా రోజుకు రెండుసార్లు జియోట్యాగ్ ఫొటోలతో హాజరు వేయడం 2023 జనవరి 1 నుంచి అన్ని పని ప్రదేశాల్లో తప్పనిసరి చేశారు. దొంగ హాజర్లు ఆపాలన్నది ఉద్దేశం. సిగ్నల్ లేని చోట మాత్రం పనిచేసినవాళ్ల హాజరే ఇరకాటంలో పడింది. మరి మోసం ఆగిందా? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సంబంధం లేని ఫొటోలు, ఫొటోకే ఫొటో తీసి పెట్టడం లాంటి దుర్వినియోగాలను ఎత్తిచూపుతూ రాష్ట్రాలకు రాసింది. లొకేషన్ తీసుకున్నంత మాత్రాన నిజం తెలిసిపోదు.

కోర్టులో ఒక మంచి మాట వచ్చింది. డ్రగ్స్ కేసులో ఒక నిందితుడికి బెయిల్ ఇస్తూ, గూగుల్ మ్యాప్స్‌లో పిన్ వేసి దర్యాప్తు అధికారికి లొకేషన్ తెలిసేలా ఉంచాలని షరతు పెట్టారు. 2024 జూలై 8న సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. బెయిల్ మీదున్న మనిషి ప్రతి కదలికనూ పోలీసులు ఎప్పటికప్పుడు గమనించేలా చేసే షరతు ఆర్టికల్ 21 కింద ఉన్న ప్రైవసీ హక్కుకు విరుద్ధమని చెప్పింది. నిందితుడికే ఆ హక్కు ఉంటే, ఏ కేసూ లేని మనకు ఉండదా?

ఇది ఎందుకు గుర్తుంచుకోవాలంటే, 2025 డిసెంబర్‌లో రాయిటర్స్ ఒక వార్త ఇచ్చింది. ఫోన్లలో ఏ-జీపీఎస్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి, యూజర్ ఆఫ్ చేసే వీలు ఉండొద్దు అనే టెలికాం కంపెనీల ప్రతిపాదనను కేంద్రం పరిశీలిస్తోందని, ఆపిల్, గూగుల్, శాంసంగ్ వ్యతిరేకిస్తున్నాయని. టవర్ లెక్కతో మనిషి కచ్చితమైన చోటు దొరకట్లేదన్నది దాని వెనకున్న కారణం. ఆ వార్త వచ్చేనాటికి ప్రభుత్వం ఏ నిర్ణయమూ తీసుకోలేదు. మనం రివ్యూల్లో చిప్‌సెట్, కెమెరా గురించి పేజీలకు పేజీలు రాస్తాం. ఆఫ్ బటన్ అనే ఫీచర్ పోతే ఏం పోగొట్టుకుంటామో అంతే సీరియస్‌గా మాట్లాడుకోవాలి.

చట్టం ఎక్కడ ఉంది?

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం ప్రైవసీ ప్రాథమిక హక్కని తీర్పిచ్చింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో నియమాలు నోటిఫై అయ్యాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే. అవసరమైన డేటాకే సమ్మతి వర్తిస్తుంది, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలి, భద్రత విషయంలో నిర్లక్ష్యం చేస్తే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని చట్టం చెబుతోంది. బలహీనత కూడా ఉంది: నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉంది.

రోజూ పనికొచ్చే ఇంకో నియమం చాలామందికి తెలియదు. యూపీఐ యాప్‌లు కస్టమర్ లొకేషన్‌ను సమ్మతితోనే తీసుకోవాలని, సమ్మతి వెనక్కి తీసుకున్నా యూపీఐ సర్వీస్ ఆపొద్దని ఎన్‌పీసీఐ 2022లో చెప్పింది. దేశం లోపల వ్యక్తులు చేసే పేమెంట్లకు ఇది వర్తిస్తుంది. చాయ్ బండి దగ్గర 15 రూపాయలు కొట్టడానికి మీరెక్కడున్నారో చెప్పడం తప్పనిసరి కాదన్నమాట.

పది నిమిషాల్లో చేయాల్సిన సెట్టింగ్స్

మెనూ పేర్లు బ్రాండ్‌ను బట్టి కొంచెం అటు ఇటుగా ఉంటాయి, కానీ దారి ఇదే.

1. ఎవరికి ఇచ్చారో చూడండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ > లొకేషన్ > యాప్ లొకేషన్ పర్మిషన్స్. ఐఫోన్‌లో సెట్టింగ్స్ > ప్రైవసీ అండ్ సెక్యూరిటీ > లొకేషన్ సర్వీసెస్. "ఆల్వేస్" కింద ఉన్న యాప్‌లను ముందు చూడండి. ఫైండ్ హబ్ లాంటి ఒకటి రెండు తప్ప మిగతావన్నీ "వైల్ యూజింగ్"లోకి దించండి.

2. కచ్చితత్వం తగ్గించండి. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ప్రిసైజ్ ఆఫ్ చేసే వీలుంది. మ్యాప్స్, క్యాబ్, ఎస్‌ఓఎస్ యాప్‌లకు ప్రిసైజ్ ఉంచండి. వాతావరణం, న్యూస్, షాపింగ్‌కు అప్రాక్సిమేట్ చాలు. గేమ్స్, ఫొటో ఎడిటర్లు, కీబోర్డులకు అసలు వద్దు.

3. కొత్త యాప్‌కు మొదటిసారి "ఓన్లీ దిస్ టైమ్" ఇవ్వండి. పని జరిగితే తర్వాత చూసుకోవచ్చు.

4. ఎవరు ఎప్పుడు వాడారో చూడండి. ఆండ్రాయిడ్ 12, ఆపై వెర్షన్లలో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ ఉంది. అర్ధరాత్రి లొకేషన్ తీసుకున్న యాప్ కనబడితే దానికి కారణం వెతకండి, దొరక్కపోతే తీసేయండి.

5. వైఫై, బ్లూటూత్ స్కానింగ్. లొకేషన్ సర్వీసెస్‌లో ఉంటాయి. వైఫై ఆఫ్ చేసినా స్కానింగ్ ఆన్‌లో ఉంటే ఫోన్ రౌటర్లను చూస్తూనే ఉంటుంది. అవసరం లేకపోతే ఆఫ్ చేయండి.

6. గూగుల్ టైమ్‌లైన్, వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ రెండూ చూడండి. ఒకటి ఆఫ్ చేస్తే రెండోది ఆఫ్ అవ్వదు. టైమ్‌లైన్ ఇష్టమైతే మూడు నెలల ఆటో డిలీట్ పెట్టుకోండి.

7. ఫొటోలు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నుంచి లొకేషన్ పోతుంది, కానీ క్వాలిటీ కోసం డాక్యుమెంట్‌గా పంపితే అలాగే ఉంటుంది. ఇంటి దగ్గర తీసిన బైక్ ఫొటో అమ్మకానికి పంపేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

8. లైవ్ లొకేషన్ ఎవరి దగ్గర నడుస్తోంది? వాట్సాప్‌లో సెట్టింగ్స్ > ప్రైవసీ > లైవ్ లొకేషన్. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్. వాట్సాప్‌లో 8 గంటలకు మించి ఉండదు. మ్యాప్స్‌లో మాత్రం "ఆఫ్ చేసేదాకా" అనే ఆప్షన్ ఉంది, మీ ఫోన్ రెండు నిమిషాలు చేతికి చిక్కితే ఎవరైనా మీకు తెలియకుండా అది పెట్టొచ్చు. ముఖ్యంగా అమ్మాయిలు దీన్ని నెలకోసారి చూసుకోవాలి.

చివరిగా

గల్లీలో ఎవరైనా ఇప్పుడు ఆన్ ఉంచాల్నా, బంద్ పెట్టాల్నా అని అడిగితే నేను నాలుగు ప్రశ్నలు చెప్తున్నా. ఎవరికి ఇస్తున్నావు? ఈ పనికి ఎంత కచ్చితత్వం కావాలి? ఎంతసేపు ఉంచుకుంటారు? వద్దనుకుంటే ఆపొచ్చా? పిడుగు హెచ్చరికకైనా, లోన్ యాప్‌కైనా, సర్కారు యాప్‌కైనా ఇవే ప్రశ్నలు. నాలుగింటికీ జవాబు దొరికితే నిశ్చింతగా ఇవ్వండి, లొకేషన్ సర్వీసులు నిజంగానే మస్తు పనికొస్తాయి. చివరి ప్రశ్నకు జవాబు "లేదు" అయితే మాత్రం, ఆ యాప్‌ను ఎంతమంది మెచ్చుకున్నా సరే, ఒక్క క్షణం ఆగి ఆలోచించండి.